కూడూ కులమూ – 17: బేసిన్ చుట్టూ ఎవరు?

మొన్న ఆదివారం మా ఇంట్లో పంది వండాను. మీ ఇంట్లో అదేమన్నా కొత్తా అంటారా? ఈసారి కొత్తే. వండింది మా అమ్మ నేర్పిన కూర కాదు. హాంకాంగ్ పల్లెల్లో పెళ్లికీ, పూర్వీకుల పూజకీ వండే కాంటనీస్ కూర.

మా చెల్లెలి కూతురు అక్కడ యూనివర్సిటీలో చదువుతోంది. సెలవులకి వస్తూ ఒక చిన్న సీసా తెచ్చింది. మూత తియ్యగానే వంటిల్లంతా ఎండుచేపల సంతలా అయింది. ఎర్రటి ఊటలో చిన్న చిన్న ఎర్రటి ముక్కలు.

"ఇదేందే, పచ్చడా?" అన్నాను.

"పచ్చడి లాంటిదే పెద్దమ్మా. టోఫూ ముక్కల్ని పులియబెట్టి ఉప్పునీళ్లలో, బియ్యపు సారాలో ఊరేస్తారు. ఎర్ర బూజు పట్టించిన బియ్యం కలుపుతారు, రంగు దానివల్లే. నామ్ యూ అంటారు. ఇది లేకపోతే ఆ కూర లేదు" అంది.

వంట చెప్పేముందు ఆ పిల్ల చెప్పిన సంగతి చెప్పాలి. ఎందుకంటే ఈ వ్యాసం కూర గురించే గానీ, కూరతో అయిపోదు.

హాంకాంగ్ అంటే మనకి అద్దాల మేడలే గుర్తొస్తాయి. కానీ దాని ఉత్తర భాగంలో, చైనా సరిహద్దు వైపు, న్యూ టెరిటరీస్ అనే ప్రాంతం ఉంది. 1898లో బ్రిటిష్ వాళ్లు 99 ఏళ్ల కౌలుకి తీసుకున్న నేల అది. అక్కడ వందల ఏళ్లుగా పాతుకుపోయిన వంశాల పల్లెలున్నాయి. టాంగ్, హౌ, పాంగ్, లియు, మాన్ అని ఐదు పెద్ద వంశాలు. కొన్ని పల్లెల చుట్టూ కోటగోడలు కూడా ఉంటాయి. వంశానికొక పూర్వీకుల మందిరం. అందులో చనిపోయిన పెద్దల పేర్లు చెక్కిన పలకలు వరసగా నిలబెట్టి ఉంటాయి.

ఆ ఊళ్ల విందుని పూన్ చోయ్ అంటారు. బేసిన్ కూర అని అర్థం. బల్లకి ఒకటే పెద్ద బేసిన్. అడుగున ముల్లంగి, పంది చర్మం లాంటి చవక సరుకు. పైన పంది మాంసం, కోడి, చేప. పై నుంచి పులుసు దిగి అడుగున ఉన్న ముల్లంగిలోకి ఇంకుతుంది. చుట్టూ కూర్చున్నవాళ్లంతా అదే బేసిన్‌లో పుల్లలు పెట్టి వెతుక్కుని తింటారు. ఎవరి కంచం వాళ్లకని వడ్డన లేదు. మొత్తం విందుకి ప్రాణం మాత్రం పంది మాంసమే, నామ్ యూ వేసి గంటలకొద్దీ మగ్గపెట్టిన మాంసం.

ఈ విందు మీద అమెరికన్ మానవశాస్త్రవేత్త జేమ్స్ వాట్సన్ 1987లో ఒక వ్యాసం రాశాడు. ఆయన ఆ పల్లెల్లో ఉండి చూసినవాడు. అక్కడ పెద్దమనుషులకి వేరే బల్ల ఉండదని, ఉపన్యాసాలు ఉండవని, ముందొచ్చినవాడు ముందు కూర్చుని తిని లేచిపోతాడని చెప్తాడు. భూస్వామి పక్కన కూలీ కూర్చుంటాడు. డబ్బున్నవాడికి వేరే కూర రాదు. సమానుల విందు అంటాడు ఆయన దాన్ని.

మా పిల్ల కూడా స్నేహితురాలి ఊళ్లో ఆ విందుకి వెళ్లింది. "పెద్దమ్మా, మందిరం ముందు కాల్చిన పందిని నిలువునా పెట్టారు, దేవుడికి పెట్టినట్టు. నేను చూస్తా నిలబడిపోయాను. మన పంది పెద్దమ్మా, దేవుడి ముందు" అంది. ఆ మాట చెప్తుంటే దాని గొంతు మారింది. పదో తరగతిలో హాస్టల్లో "పంది తినే మొహాలు" అని పడ్డ పిల్ల అది. ఆ గొంతెందుకు మారిందో ఇది చదివే మీలో చాలామందికి విడమర్చి చెప్పక్కర్లేదు.

సరే, వంటలోకి వద్దాం.

కిలో పొట్ట మాంసం కావాలి. చర్మం, కొవ్వు, కండ మూడూ పొరలు పొరలుగా ఉన్న ముక్క. చర్మం తీసేయమని చెప్పొద్దు, ఈ కూరకి జిగురు అక్కడినుంచే వస్తుంది. మా అమ్మ కాలంలో ఎరుకలోళ్ల దగ్గర ఊరపంది కొనేవాళ్లం, వరిగడ్డి మంట మీద కాల్చి గీకితే చర్మానికి ఒక కమ్మటి వాసన వచ్చేది. ఇప్పుడు నేను కొన్నది సీమపంది. ఫరవాలేదు. రెండంగుళాల ముక్కలు కొట్టించాను. చిన్నవి చేస్తే చివరికి కరిగిపోతాయి.

ముందు ముక్కల్ని చన్నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టాలి. మరిగాక ఐదు నిమిషాలు ఉంచి, పైన తేలిన మురికి నురగతో సహా నీళ్లు పారబోసి, ముక్కలు కడిగి ఆరబెట్టాలి. మాంసం వాసన గురించి ముక్కు చిట్లించేవాళ్లకి సగం జవాబు ఇక్కడే ఉంది.

తర్వాత మందపాటి గిన్నెలో చెంచా నూనె వేసి, చర్మం వైపు కిందకి పెట్టి వేయించాలి. కాసేపటికి కొవ్వు తనే కరిగి నూనె వదులుతుంది. ఇది మా అమ్మ పద్ధతే, ఆమె అసలు నూనె పోసేదే కాదు. ముక్కలు అన్ని వైపులా ఎర్రబడ్డాక తీసి పక్కన పెట్టి, అదే కొవ్వులో దంచిన అల్లం, వెల్లుల్లి రెబ్బలు, చిన్న ఉల్లిపాయలు వేయించాలి. నామ్ యూ ముక్కలు నాలుగు, దాని ఊట రెండు చెంచాలు కలిపి చేత్తో మెదిపి అందులో వెయ్యాలి. ఇప్పుడు మంట తగ్గించండి. ఇది ఇట్టే అడుగంటుతుంది. నేను మొదటిసారి మాడ్చాను, సీసాలో పావు వంతు పోయింది.

పచ్చివాసన పోయాక ముక్కలు తిరిగి వేసి, అనాసపువ్వు రెండు, దాల్చినచెక్క చిన్నది, ఎండబెట్టిన కమలాతొక్క ఒక ముక్క, పటికబెల్లం రెండు చెంచాలంత, సోయాసాస్ రెండు చెంచాలు, బియ్యపు సారా ఉంటే అర గ్లాసు పొయ్యాలి. ముక్కలు మునిగేదాకా వేడినీళ్లు. ఉప్పు ఇప్పుడే వెయ్యొద్దు, నామ్ యూ, సోయా రెండూ ఉప్పు సముద్రాలే. మూతపెట్టి సన్నటి సెగ మీద గంటన్నర నుంచి రెండు గంటలు. కుక్కర్లో పెట్టొచ్చు కదా అని అడుగుతారు. మాంసం మెత్తబడుతుంది, కానీ పులుసు చిక్కబడదు, రుచి లోపలికి దిగదు. చాప్‌స్టిక్ గుచ్చితే చర్మంలోకి తేలిగ్గా దిగాలి, ముక్క మాత్రం చెదరకూడదు. అప్పుడు దించి, ఒక రాత్రి ఉంచి, మర్నాడు ముల్లంగి ముక్కలు వేసి మళ్లీ వెచ్చబెట్టండి. పంది కూర ఏ దేశంలోదైనా మర్నాటిదే రుచి. ఈ విషయంలో కాంటన్ వాళ్లకీ మా అమ్మకీ తగాదా లేదు.

కారం లేదు. మొదటి ముద్దకి నాలుక వెతుక్కుంటుంది. రెండో ముద్దకి తీపి, ఉప్పు, పులిసిన కమ్మదనం ఒకదాని వెనక ఒకటి తెలుస్తాయి. మూడో ముద్దకి అన్నం ఇంకొంచెం పెట్టుకుంటారు.

ఆదివారం మధ్యాహ్నం మా స్నేహితురాలు వచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఒకే చోట ఉద్యోగం చేశాం. మంచి మనిషి, అది ముందే చెప్తున్నాను. మా అమ్మ బతికున్నప్పుడు పందికూర వండిన రోజున "నాకు పడదు అక్కా" అని పెరుగన్నం తిని వెళ్లేది. మొన్న మాత్రం "ఏం వాసన అక్కా ఇది, హోటల్లో ఉన్నట్టుంది" అంటూ లోపలికి వచ్చింది. కాంటనీస్ పోర్క్ బెల్లీ అని మా పిల్ల చెప్పింది. మూడుసార్లు వేసుకుంది. ఫోటో తీసి స్టేటస్ పెట్టింది.

నేను నవ్వాను. మనసులో మాత్రం నవ్వు రాలేదు. అదే సంత, అదే పంది, దాదాపు అదే గిన్నె. మా అమ్మ పేరు మీద పడనిది కాంటన్ పేరు మీద పడింది.

ఇక్కడ మన కుర్రాళ్లు ఒక వాదన చేస్తారు. మాంసానికి గౌరవం తెస్తే మనిషికి గౌరవం వస్తుంది, కాబట్టి మన వంటల్ని పైకి తేవాలి అని. అందులో నిజం లేకపోలేదు. పంది ఎల్లకాలం ఎక్కడా నీచం కాదు, ఎల్లకాలం గొప్పా కాదు. చైనాలోనే సాంగ్ రాజుల కాలంలో పెద్దింటి మాంసం గొర్రెది. 1080ల్లో హువాంగ్‌జౌకి ప్రవాసం పంపబడ్డ కవి సు డాంగ్‌పో అక్కడ పంది మట్టంత చవగ్గా ఉందని, ఉన్నవాళ్లు ముట్టరని, లేనివాళ్లకి వండటం తెలీదని రాసుకున్నాడు. ఇప్పుడు ఆయన పేరు మీదే ఖరీదైన పందికూర ఉంది. అంత దూరం ఎందుకు, కొడగు వెళ్లండి. అక్కడ భూములున్న కొడవల పెళ్లి విందులో పంది కర్రీ గౌరవ వంటకం. కొడవ ఇంట్లో పంది సంప్రదాయం, మా వాడలో పంది అశుద్ధం! కాబట్టి దోషం మాంసంలో లేదు. ఇంతవరకూ అందరం ఒప్పుకుంటాం.

నా ప్రశ్న ఆ తర్వాతది. మాంసం మీద మచ్చ పోతే మనిషి మీద మచ్చ పోతుందా? అందరూ ఒకే పందిని, ఒకే బేసిన్‌లో, పక్కపక్కన కూర్చుని తింటే చాలా?

అందుకే మా పిల్లని అడిగాను: "అంతా బాగానే ఉంది. ఆ బేసిన్ చుట్టూ లేనివాళ్లెవరే?"

అది కాసేపు ఆలోచించి చెప్పడం మొదలుపెట్టింది. అది చెప్పినవీ, తర్వాత నేను చదివినవీ కలిపి రాస్తున్నాను.

ఆ వంశాల దగ్గర పాతకాలంలో పుట్టుకతో సేవకులైన మగవాళ్లు ఉండేవాళ్లు. సై మాన్ అనేవాళ్లు, చిన్న మనుషులు అని అర్థం. తండ్రి సేవకుడైతే కొడుకూ సేవకుడే. వాళ్ల మీద కూడా వాట్సనే రాశాడు. వాళ్లు వంశంలో లెక్క కాదు, కాబట్టి వంశపు ఆస్తిలో హక్కు లేదు. పూర్వీకుల పూజ అయ్యాక పందిమాంసాన్ని వంశంలో వాటాలు వేసి పంచే ఆచారం కాంటనీస్ పల్లెల్లో ఉంది. ఆ వాటా దక్కితే నువ్వు మావాడివి అని అర్థం. దక్కకపోతే కాదు. అక్కడ పందిముక్క అంటే సభ్యత్వం రసీదు.

మరి ఆడవాళ్లు? పూర్వీకుల వాటాలు మగ సంతానం లెక్కన. న్యూ టెరిటరీస్‌లో ఆచారం ప్రకారం కూతురికి భూమి వచ్చేది కాదు. ఆ పల్లెల ఆడవాళ్లు వీధికెక్కి కొట్లాడితే 1994లో చట్టం మారింది. ఇప్పటికీ 1972లో మొదలైన ఒక ఏర్పాటు ఉంది. 1898 నాటికి ఆ ఊళ్లో ఉన్నవాడి మగ వారసుడికి ఊళ్లో చిన్న ఇల్లు కట్టుకునే హక్కు. కూతురికి లేదు. బేసిన్ దగ్గర సమానం, ఇంటిస్థలం దగ్గర కాదు.

ఇంకా నీటి మీద జనం ఉన్నారు. దక్షిణ చైనా తీరంలో పడవల్లోనే పుట్టి, పడవల్లోనే చనిపోయిన జాలర్లు. నేల మీద వాళ్లు వాళ్లని తంకా అని పిలిచేవాళ్లు. ఆ మాటని వాళ్లు తిట్టుగానే తీసుకుంటారు. నేల మీద ఇల్లు కట్టుకోనిచ్చేవాళ్లు కాదు, పరీక్షలు రాయనిచ్చేవాళ్లు కాదు, పెళ్లి సంబంధాలు కలుపుకునేవాళ్లు కాదు. 1729లో యోంగ్‌జెంగ్ చక్రవర్తి వాళ్లు నేల మీద ఉండొచ్చని ఆజ్ఞ ఇచ్చాడు. ఆజ్ఞ వచ్చాక కూడా వెలి వందల ఏళ్లు నడిచింది. మన దగ్గర 17వ అధికరణం సంగతి తెలిసినవాళ్లకి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

ఇప్పుడు చూడండి. ఆ జాలర్లూ పంది తింటారు. గోడల ఊరి భూస్వామీ పంది తింటాడు. కూడు ఒకటే. అయినా వెలి ఆగలేదు. కూడులో గుర్తు దొరక్కపోతే పడవలో గుర్తు దొరికింది. పంది తింటున్నారు కాబట్టి దూరం పెట్టాం అని మనకి చెప్పేవాళ్లు ఒక్కసారి ఈ తీరం వైపు చూడాలి. వెలి ముందు, సాకు తర్వాత.

అక్కడిది కులమని నేను అనడం లేదు. కులం మన సొంత సరుకు, దానికి శాస్త్రాల దన్ను ఉంది. కానీ గోడ గోడే. లోపలున్నవాళ్ల మధ్య సమానత్వం ఎంత గట్టిగా ఉంటే, బయటివాళ్లకి ఆ గోడ అంత ఎత్తుగా కనపడుతుంది.

ఈ మాట అంబేద్కర్ మనకి ఎప్పుడో చెప్పాడు. 1936 నాటి కుల నిర్మూలనలో సహపంక్తి భోజనాల గురించి ఆయన మాట ఎంత కటువుగా ఉంటుందో చూడండి. కలిసి తిన్నంత మాత్రాన కులం చావదు, చావలేదు, రక్తం కలవాలి, కులాంతర వివాహాలే అసలు మందు, అంతకన్నా ముందు కులాన్ని పవిత్రం చేసిన శాస్త్రాల పట్టు వదలాలి అన్నాడు. కలిసి తినొద్దని కాదు. అక్కడితో ఆగిపోతే మోసపోతామని.

కలిసి తినడం చిన్న విషయమని కూడా అనను. 1917లో కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ పులయలతో కలిసి తింటే, సొంత కులంవాళ్లే ఆయన్ని పులయన్ అయ్యప్పన్ అని ఎగతాళి చేశారు. ఆయన ఆ పేరుని బిరుదులా మోశాడు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో మన పిల్లలు పెద్దకూర పండగ చేస్తే ఎంత గొడవైందో మీకు గుర్తే. ముద్ద దగ్గర అంత రగడ జరుగుతోందంటే ముద్దకి బలం ఉన్నట్టే. చెరాయిలో, ఉస్మానియాలో తిన్నవాళ్లు ఏదో ఒకటి పోగొట్టుకోవడానికి సిద్ధపడి తిన్నారు. నేను వేలెత్తి చూపేది ఏమీ పోగొట్టుకోకుండా తినే తిండిని. దళితవాడలో నాయకుడు అరిటాకు ముందు కూర్చుని, వెంట తెచ్చిన టిఫిన్ తిని, కెమెరా వైపు చూసి వెళ్లిపోయే తిండిని.

మా స్నేహితురాలి దగ్గరికి మళ్లీ వస్తాను. నాలుగేళ్ల కిందట ఆమె కొత్త ఇల్లు కట్టుకుంది. పునాది రోజు నుంచి నాకు అన్నీ చెప్పేది. టైల్స్ కొనడానికి నన్నే తోడు తీసుకెళ్లింది. గృహప్రవేశం అయ్యాక మర్నాడు స్వీటు డబ్బాతో మా ఇంటికొచ్చి, "ఏమనుకోకు అక్కా, మా అత్తగారి తరఫు వాళ్లు ఎక్కువ ఉన్నారు, మావాళ్ల వరకే పెట్టుకున్నాం" అంది. నేనేమీ అనలేదు. స్వీటు తిన్నాను కూడా.

మావాళ్ల వరకే. హాంకాంగ్ పల్లె విందు గురించి మా పిల్ల చెప్తున్నంతసేపూ నాకు ఈ మాటే చెవిలో తిరిగింది. ఆ బేసిన్ చుట్టూ సమానత్వం అబద్ధం కాదు. అది మావాళ్ల వరకే. ఆమెకి నామీద ప్రేమ అబద్ధం కాదు. అది గడప వరకే. మూడుసార్లు వేసుకుని తిన్న కూర ఆ గడపని ఒక్క అంగుళం కదిలించలేదు.

అందుకని ఈసారి నేను స్వీటు తిని ఊరుకోలేదు. ఆదివారం ఆమె చెయ్యి కడుక్కుంటుంటే అడిగేశాను. "మీ అమ్మాయి పెళ్లికి నన్ను ఏ బంతిలో కూర్చోబెడతావు?" అని. ఆమె చాలాసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. "ఎందుకక్కా అట్లా అడుగుతావు" అంది. "పిలిస్తే వస్తాను, పిలవకపోతే ఎందుకు పిలవలేదో చెప్పు. అత్తగారి మీద పెట్టమాకు" అన్నాను. జవాబు రాలేదు. వెళ్లేటప్పుడు చిన్న గిన్నెలో కూర మాత్రం అడిగి పట్టుకెళ్లింది. ఇచ్చాను. జవాబు ఇంకా రావాల్సి ఉంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ క్యాంపస్‌లో ఫుడ్ ఫెస్టివల్ పెట్టండి. పందీ వండండి, పెద్దకూరా వండండి. వండుకోవడం మన హక్కు, ఎవరి మెప్పు కోసమో కాదు. మన వంటకి ఇంగ్లీషు పేరు తగిలించి, గౌరవం వచ్చిందని మాత్రం మురిసిపోవద్దు. వచ్చి తిన్నవాళ్లని ఆప్యాయంగా కూర్చోబెట్టండి, కడుపునిండా పెట్టండి. చేతులు కడుక్కున్నాక ఒక్క ప్రశ్న అడగండి. ఇల్లు అద్దెకిస్తావా? మీ ఇంటి శుభకార్యానికి పిలుస్తావా? మీ చెల్లి మా అన్నని ప్రేమిస్తే ఏ పక్కన నిలబడతావు? ఊళ్లో భూమి పంచే రోజు వస్తే ఎక్కడుంటావు? ప్రశ్న మొరటుగా ఉందంటారు. మనల్ని వడపోసే ప్రశ్నలు వాళ్లు ఎంత మర్యాదగా అడుగుతారో మనకి తెలుసు. "మీ ఇంటిపేరేంటండీ?"

వాళ్లనే కాదు, మనల్నీ అడుక్కోవాలి. ఆ పంది కొన్న ఎరుకల ఇంట్లో నేనెప్పుడైనా కూర్చుని తిన్నానా? చిన్నప్పుడు మా అమ్మ మాంసం కొని బయటినుంచే తెచ్చేది. లోపలికి వెళ్లిన గుర్తు నాకు లేదు. ఆ గోడ మా వైపునా ఉంది. నీటి మీద జనం కథ చదివాక ముందు నాకు సిగ్గేసింది ఇక్కడే.

సీసాలో నామ్ యూ ఇంకో రెండు వంటలకి సరిపోతుంది. వచ్చే నెల మళ్లీ వండుతాను. ఈసారి కంచాలు పెట్టను, మా ఇంట్లో ఉన్న పెద్ద స్టీలు బేసిన్ మధ్యలో పెడతాను. మాంసం తెచ్చే అన్ననీ, వాళ్ల ఇంటావిడనీ పిలుస్తాను. మా స్నేహితురాలినీ పిలుస్తాను, ఆ జవాబుతో రమ్మని.

జై భీమ్.